ఎదురింటి డాబా మీద సెల్ టవర్: ఒక కాలనీ భయాన్ని లెక్కగట్టిన కేసు

ఈ కేసు ఏ ఒక్క భవనానిదీ కాదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ శివార్లలోని కాలనీల్లో ఒకే వరసలో పదేపదే నడిచే గొడవను ఒక భవనం రూపంలో కూర్చి రాశాం. కింద ఉన్న సిగ్నల్ అంకెలు మీటరు రీడింగులు కావు, యాంటెన్నా లక్షణాల నుంచి గట్టిన లెక్కలు. కాగితం, పెన్ను ఉంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

భవనం ఐదంతస్తులది, ఇరవై ఫ్లాట్లు. రోడ్డుకి అవతల రెండిళ్ళు దాటాక, సుమారు 50 మీటర్ల దూరంలో, మూడంతస్తుల ఇల్లుంది. ఒక ఆదివారం పొద్దున లేచేసరికి ఆ ఇంటి డాబా మీద ఆరు మీటర్ల ఇనప స్తంభాలు మూడు లేచి ఉన్నాయి. సామాను రాత్రి క్రేనుతో ఎక్కించారు, చుట్టుపక్కల ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. సాయంత్రానికి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు నిండిపోయింది: క్యాన్సర్ వస్తుందట, గర్భిణులకు మంచిది కాదట, పిచ్చుకలు వీటివల్లే పోయాయట. 2017లో గ్వాలియర్‌లో క్యాన్సర్ సోకిన ఒక ఇంటి పనివాడి అర్జీ మీద సుప్రీంకోర్టు ఒక టవర్‌ను ఆపించిన వార్త కూడా వచ్చింది. ఆ వార్త నిజమే. కాబట్టి గ్రూపులో వచ్చిందంతా పుకారేనని కొట్టిపారేయడంతో మొదలుపెట్టినవారు అక్కడే ఓడిపోతారు.

వారం తిరక్కుండా అర్జీ తయారైంది. సంతకం పెట్టినవారి వాహనాలు సెల్లార్‌లో చూస్తే సగం బండ్లకు హెల్మెట్ అద్దానికి వేలాడుతూ ఉంటుంది. తలకి పెట్టుకునేది తక్కువ. దీన్ని ఎత్తిచూపాలని, అర్జీకి జవాబు చెప్పడానికి వచ్చే ఇంజనీరుకి నాలుక దురద పెడుతుంది. అలా చూపితే జరిగే నష్టమేమిటో ముందుకు వెళ్ళాక చెబుతాం.

భయం దేన్ని కొలుస్తోంది

నిపుణుడు ప్రమాదం అన్నప్పుడు ఏడాదికి ఎందరు చనిపోతారన్న లెక్క చూస్తాడు. కాలనీవాళ్ళు అదే మాట అన్నప్పుడు చూసేది వేరు. 1969లో అమెరికన్ ఇంజనీరు చాన్సీ స్టార్ ఒక అంచనా ఇచ్చాడు: తాము ఇష్టపడి నెత్తిన వేసుకున్న ప్రమాదాన్ని, ఇతరులు తమ మీద రుద్దిన ప్రమాదం కంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ స్థాయి దాకా జనం సహిస్తారని. ఆ వెయ్యి అన్న అంకె మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి, దిశ మాత్రం నిలిచింది. 1987లో మనస్తత్వవేత్త పాల్ స్లోవిక్ ఇంకాస్త విడదీసి చూపాడు. కంటికి కనబడనిది, కొత్తది, దెబ్బ ఎప్పుడో ఏళ్ళ తర్వాత తగిలేది, తమ చేతిలో లేనిది, పిల్లలకు ముప్పు తెచ్చేది, లాభం ఒకరికీ బరువు ఇంకొకరికీ పడేది అయితే చావుల లెక్క తక్కువైనా భయం ఎక్కువ ఉంటుంది.

మన టవర్‌ను ఈ కొలతల్లో పెట్టి చూడండి. తరంగం కనబడదు. అడక్కుండా వచ్చింది. నెల అద్దె ఇంటి యజమానికి, టవర్ వైపు కిటికీలు మనకి. తీసెయ్యమంటే వినేవాళ్ళు లేరు. అన్నిట్లోనూ నూటికి నూరే. మోటార్‌సైకిల్‌ను పెడితే అన్నీ తిరగబడతాయి: తాళంచెవి మన చేతిలో ఉంది, బ్రేకు మన కాలి కింద ఉంది, చిన్నప్పటినుంచీ చూస్తున్నాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. హెల్మెట్ పెట్టుకోక పోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఈ అంకెలు బండి మీద భయాన్ని రవ్వంత కూడా పెంచవు.

కాలనీవాళ్ళకు తెలివి లేక భయపడుతున్నారన్న నిర్ణయం మా దృష్టిలో తప్పు. అడక్కుండా పెట్టడం, లాభంలో వాటా లేకపోవడం, ప్రశ్న అడిగేందుకు మనిషి లేకపోవడం నిజమైన ఫిర్యాదులు. వాటికి చెప్పుకోను వేరే మాట దొరక్క అవన్నీ "రేడియేషన్" అన్న ఒక్క మాటలోకి దూరిపోతాయి. రేడియేషన్‌కి మాత్రమే జవాబు చెబితే మిగతావి అలాగే ఉండిపోతాయి.

లెక్క

సెక్టార్ యాంటెన్నా, అంటే తరంగాన్ని ఒక దిక్కుకి పంపే యాంటెన్నా సంగతి ముందు. ఒక క్యారియర్‌కి (ఒక ఫ్రీక్వెన్సీ పట్టీ మీద నడిచే ప్రసారానికి) 20 వాట్లు, యాంటెన్నా గెయిన్ (బలాన్ని ఒకే దిక్కుకి కుదించడం వల్ల వచ్చే పెంపు) 17 డీబీ, అంటే 50 రెట్లు. ముఖ్య కిరణం దిశలో అది 1,000 వాట్లతో సమానం. 50 మీటర్ల దూరంలో ఆ వెయ్యి వాట్లు పరుచుకునే గోళం వైశాల్యం 4 × 3.1416 × 50 × 50, అంటే 31,416 చదరపు మీటర్లు. భాగిస్తే చదరపు మీటరుకి 0.032 వాట్లు. ఒకే దిక్కుకి మూడు క్యారియర్లుంటే 0.095.

మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి అమలు చేసిన పరిమితి 400 నుంచి 2000 మెగాహెర్ట్జ్ మధ్య ఫ్రీక్వెన్సీని 2000తో భాగిస్తే వస్తుంది. 900కి చదరపు మీటరుకి 0.45 వాట్లు, 1800కి 0.9 వాట్లు, 2000 దాటాక 1 వాట్. ఇలాంటి తరంగాల నుంచి రక్షణకి హద్దులు సూచించే అంతర్జాతీయ కమిషన్ (ఐసీఎన్ఐఆర్‌పీ) పెట్టిన హద్దులో ఇది పదో వంతు. మన లెక్కలో 1800 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చిన 0.095 ఈ పరిమితిలో సుమారు పది శాతం. అది కూడా కిరణానికి ఎదురుగా, అడ్డం లేకుండా, బాల్కనీలో నిలబడితే. గోడ దాటి లోపలికొస్తే ఇంకా తగ్గుతుంది.

అదే 20 మీటర్ల దూరమైతే? మూడు క్యారియర్లకు 0.6 వాట్లు, అంటే పరిమితిలో మూడింట రెండొంతులు. దూరం సగం అయితే బలం నాలుగు రెట్లు. కాబట్టి "టవర్లన్నీ సురక్షితమే" అని గంపగుత్తగా చెప్పకూడదు. యాంటెన్నాకి సూటిగా, అదే ఎత్తులో, దగ్గరగా ఉన్న ఫ్లాట్ ఏదో ముందు పట్టుకోవాలి. టెలికాం శాఖ 2013 మార్గదర్శకాల్లో ఎదురు భవనానికి ఉండాల్సిన దూరాలు ఇచ్చింది: ఒక యాంటెన్నాకి 20 మీటర్లు, రెండుంటే 35, నాలుగుంటే 45, ఆరుంటే 55. మన 50 మీటర్లు నాలుగు యాంటెన్నాల దాకా సరిపోతాయి. రేపు ఇంకో రెండు తగిలిస్తే సరిపోవు.

ఇక అందరూ జాలిపడేది టవర్ కింద కాపురమున్న ఇంటివాళ్ళ మీద. నిజానికి దీపం కింద చీకటి. సెక్టార్ యాంటెన్నా కిరణం నిలువులో ఆరేడు డిగ్రీల వెడల్పు మాత్రమే ఉంటుంది, బొగ్గులా కిందకి రాలదు. నాలుగు డిగ్రీలు కిందికి వంచి బిగిస్తే 18 మీటర్ల ఎత్తు నుంచి దాని నడిబొడ్డు నేలను తాకేది సుమారు 250 మీటర్ల అవతల. సరిగ్గా కింద పడేది పక్క కిరణాల శేషం, వందో వంతు అనుకోవచ్చు. మధ్యలో కాంక్రీటు స్లాబు. పది మీటర్ల కింద, స్లాబు దాటాక, లెక్క పరిమితిలో ఒక్క శాతం కూడా రాదు. భయపడాల్సిన ఫ్లాట్ ఏదని అడిగితే కాలనీ అంతా చూపించే ఇల్లు ఒకటి, లెక్క చూపించేది ఇంకొకటి: ఎదురు భవనం నాలుగు, ఐదు అంతస్తులు.

5జీకి పై మూడు క్యారియర్ల లెక్క పనికిరాదు. 3.3 గిగాహెర్ట్జ్ పైన పనిచేసే ఆ ప్యానెళ్ళు వంద నుంచి రెండు వందల వాట్ల దాకా వాడతాయి, కిరణాన్ని ఫోన్ ఉన్న వైపు తిప్పుతాయి. క్షణకాలపు గరిష్ఠం ఎక్కువ, ఒకే చోట నిలకడగా పడే సగటు చాలా తక్కువ. అందుకని తెల్లటి చిన్న ప్యానెల్ కొత్తగా కనబడిన రోజున, తరంగం పరిమితి లోపలే ఉందని కంపెనీ ఇచ్చిన పాత సర్టిఫికెట్ చెల్లదనే అనుకుని కొత్తది అడగాలి.

చెవి దగ్గరి యాంటెన్నా

ఇప్పుడు ఫోన్ బయటికి తీద్దాం. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో "అబౌట్ ఫోన్", అందులో "సిమ్ స్టేటస్", అందులో సిగ్నల్ స్ట్రెంగ్త్. బాల్కనీలో మైనస్ 80 చూపించే ఫోన్, లిఫ్టు గదిని ఆనుకున్న పడగ్గదిలో మైనస్ 110 చూపించవచ్చు. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం. తేడా 30 డీబీ, అంటే వెయ్యి రెట్లు. టవర్‌కి తన మాట వినిపించడానికి ఫోన్ ఆ తేడాను తన బలంతో పూడ్చుకుంటుంది. మంచి సిగ్నల్‌లో మిల్లీవాట్‌లో చిన్న వంతుతో సరిపెట్టుకునేది, అంచుకి వచ్చేసరికి 4జీలో తన పూర్తి బలం 200 మిల్లీవాట్లకు వెళ్తుంది. అదీ పుర్రెకి సెంటీమీటరు దూరంలో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2011 మేలో రేడియో తరంగాలను 2బి వర్గంలో, అంటే "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు" అన్న వర్గంలో పెట్టింది. అప్పుడు ఆధారమైన అధ్యయనాల్లో ముఖ్యమైనవి చెవి దగ్గర ఫోన్ ఎక్కువగా వాడినవారి గురించి, టవర్ల పక్కన ఉన్నవారి గురించి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో వచ్చింది, ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనబడలేదని తేల్చింది. ఆ మాట పక్కన పెట్టినా, జాగ్రత్త పడదలచుకున్న మనిషి ముందు చూసుకోవాల్సింది ఫోన్‌నే. టవర్‌ను దూరంగా తరిమిన కాలనీలో ప్రతి ఫోనూ గట్టిగా అరుస్తుంది. తలకి చేరే తరంగం తగ్గాలని పెట్టిన అర్జీ దాన్ని పెంచుతుంది.

ఇంట్లో చేయగలిగింది సులువే. సిగ్నల్ ఒక గీతకి పడిపోయినప్పుడు, లిఫ్టులో, కదిలే రైల్లో పెద్ద మాటలు పెట్టుకోవద్దు. వైరు ఇయర్‌ఫోన్ లేదా స్పీకర్ వాడి ఫోన్‌ను ఒక అడుగు దూరం పెడితే తలకి అందేది నామమాత్రం. *#07# నొక్కితే ఆ ఫోన్ ఎస్ఏఆర్ విలువ, అంటే ఒళ్ళు పీల్చుకునే తరంగ శక్తి కొలత, వస్తుంది. మన దేశంలో హద్దు ఒక గ్రాము కణజాలం మీద సగటున కిలోకి 1.6 వాట్లు.

అదే డాబా మీద ఎవరూ చూడనివి

టవర్ మీద అర్జీలు చదివితే ఒక వింత కనబడుతుంది. యాంటెన్నా గురించి మూడు పేజీలు ఉంటాయి, పక్కనే ఉన్న డీజిల్ జనరేటర్ గురించి ఒక్క వాక్యం ఉండదు. డీజిల్ పొగను ఐఏఆర్‌సీ 2012 జూన్‌లో 1వ వర్గంలో పెట్టింది, పొగాకు ఉన్న వర్గమది. వర్గం అంటే ఆధారం ఎంత గట్టిదో చెప్పేదే, ఎంత హాని అని కాదు. అయినా 2బి కి అర్జీ పెట్టి 1కి కిటికీ తెరిచి ఉంచడం ఏ లెక్కకీ అందదు. కారణం తెలిసిందే: పొగ కనబడుతుంది, వాసన వస్తుంది, ఆటోల వెనక రోజూ పీలుస్తున్నాం. అలవాటైనది భయపెట్టదు.

జనరేటర్ గురించి అడగాల్సినవి: పొగ గొట్టం ఏ కిటికీ ఎత్తులో ఉంది, డీజిల్ ఎన్ని లీటర్లు ఎక్కడ నిలవ ఉంచుతారు, శబ్దాన్ని ఆపే అకౌస్టిక్ డబ్బా ఉందా. డబ్బా నుంచి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు, నివాస ప్రాంతంలో రాత్రి హద్దు 45. దీని మీద ఫిర్యాదు పెడితే కాలుష్య నియంత్రణ మండలి ముందు నిలుస్తుంది. రేడియేషన్ మీద పెట్టిన చాలా ఫిర్యాదులు పరిమితి లోపలే ఉన్నాయన్న జవాబుతో వెనక్కి వస్తాయి.

రెండోది బరువు. మా దృష్టిలో డాబా మీద అతి పెద్ద ప్రమాదం ఇదే. ఇళ్ళ డాబాను ఇంజనీర్లు డిజైన్ చేసేది చదరపు మీటరుకి 150 కిలోల అదనపు భారానికి. 48 వోల్టుల పాత సీసం బ్యాటరీల వరసే ఏడెనిమిది వందల కిలోలు తూగుతుంది, జనరేటర్ ఇంకో అంత. స్లాబు మధ్యలో నాలుగు ఇటుకల మీద పెట్టి వెళ్ళిపోతే మొదటి ఏడాది ఏమీ కాదు. రెండో వానాకాలానికి లంగరు బోల్టుల చుట్టూ చెమ్మ దిగుతుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది, పై గది సీలింగులో బీటలు కనబడతాయి. బరువంతా ఐ-సెక్షన్ ఇనప దూలాల మీదుగా నేరుగా స్తంభాల తలల మీదకి దిగాలి, స్లాబుకీ దూలానికీ మధ్య సందు కనబడాలి. డాబా ఎక్కి కిందికి వంగి ఆ సందులోంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడటమే పరీక్ష. దానికి తోడు స్ట్రక్చరల్ సర్టిఫికెట్: ఎవరు ఇచ్చారు, ఎంత బరువుకి ఇచ్చారు, తర్వాత చేర్చిన సామాను అందులో ఉందా.

పిడుగు కడ్డీ నుంచి దిగే రాగి పట్టీ నేలదాకా తెగకుండా ఉందా, ఇంటి ఎర్తింగ్‌తో కలిపి ఉందా వేరుగా ఉందా అన్నది ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

మీటింగు ఎలా నడపాలి

సర్వసాధారణంగా చెడగొట్టేది మొదటి వాక్యమే. "భయపడాల్సిందేమీ లేదు" అన్నమాట విన్న వెంటనే కూర్చున్నవాళ్ళకి వినబడేది "మీకు తెలీదు, ఊరుకోండి" అని. రెండో తప్పు హెల్మెట్ పోలిక. అంకె నిజమే, కానీ అది తనంతట తాను ఎక్కిన బండికీ తన మీద పెట్టిన టవర్‌కీ ముడిపెడుతుంది. వినేవాడు దాన్ని ఎత్తిపొడుపుగానే తీసుకుంటాడు. మొదటి మీటింగులో ఈ పోలిక అసలు ఎత్తకూడదు. మూడోది, కంపెనీ మనిషి ఒక్కడే వచ్చి తనే కొలిచి తనే చదివి వినిపించడం.

పనిచేసే వరస ఇలా ఉంటుంది. ముందు ఇరవై నిమిషాలు ప్రశ్నలు వినడం, ఒక్కొక్కటి బోర్డు మీద అన్నవారి మాటల్లోనే రాయడం. "మమ్మల్ని అడక్కుండా రాత్రి ఎందుకు ఎక్కించారు?" అన్నది తప్పక వస్తుంది. దానికి శాస్త్రంలో జవాబు లేదు. తప్పు జరిగిందని యజమాని ఒప్పుకోవాలి. అది దాటవేస్తే మిగతా గంటన్నర వృథా.

తర్వాత కొలత. ఏ ఇళ్ళలో కొలవాలో కాలనీవాళ్ళే ఎంచాలి, లెక్క చూపించిన ఫ్లాట్లు వాటికి కలపాలి. ప్రోబు (మీటరుకి తరంగాన్ని అందుకునే భాగం) నేల నుంచి 1.1, 1.5, 1.7 మీటర్ల ఎత్తుల్లో పెట్టి, ఒక్కోచోట ఆరు నిమిషాల సగటు తీసుకోవాలి. ఫోన్లు, వైఫై వాడకం ఎక్కువుండే రాత్రి ఏడు నుంచి పది మధ్య కొలిస్తేనే నమ్మకం కుదురుతుంది. పగలు కొలిచిన తక్కువ అంకెను ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

"మీ ఇంటి ఎదురుగా పెట్టుకుంటారా బాబూ?" అని ఐదో అంతస్తు పెద్దావిడ అడుగుతుంది. దానికి ఉపన్యాసం వద్దు. "మీటరు మీరే పట్టుకోండమ్మా" అని ఆవిడ చేతికివ్వాలి. బాల్కనీలో అంకె చూస్తుంది, వంటింట్లో చూస్తుంది. మనవడి ఫోన్ మీటరు పక్కకి తెచ్చి కాల్ కలిపేసరికి అంకె ఎగిరి పడుతుంది, ఫోన్‌ను ఒక అడుగు దూరం జరిపేసరికి పడిపోతుంది. ఆ పడిపోవడాన్ని ఆవిడ తన చేత్తో చేసి చూడటం ముఖ్యం. తన చేతిలో లేదనుకున్నది ఎంతోకొంత చేతికి వచ్చింది.

ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండువేలకి దొరికే మీటరు కూడా ఆ మీటింగుకి వస్తుంది. దాన్ని తప్పు పట్టి దాచెయ్యమనడం కంటే పెద్ద మీటరు పక్కన పెట్టి చూపాలి. గొడవ సాధారణంగా యూనిట్ల దగ్గరే: 1 వాట్/చదరపు మీటరు అంటే 1,000 మిల్లీవాట్లు, లేదా చదరపు సెంటీమీటరుకి 100 మైక్రోవాట్లు. చిన్న మీటరు మిల్లీవాట్లలో "40" చూపి ఎర్ర దీపం వెలిగిస్తుంది. మన పరిమితి 1800 దగ్గర అదే యూనిట్‌లో 900. ఎర్ర దీపం ఎక్కడ వెలగాలో తయారుదారు ఇష్టం, ఏ చట్టానికీ సంబంధం లేదు. పైగా పట్టుకున్న మనిషి జేబులోని ఫోన్‌ను కూడా అది కొలుస్తుంది.

తలనొప్పి, నిద్ర పట్టకపోవడం చెప్పినవారి మాట కొట్టిపారేయొద్దు. నొప్పి నిజం. తరంగం ఉందో లేదో చెప్పకుండా చేసిన పరీక్షల్లో, అది లేనప్పుడూ ఉన్నప్పుడూ బాధ ఒకేలా వచ్చింది, ఎప్పుడు ఉందో గుడ్డి ఊహ కంటే మెరుగ్గా పోల్చలేకపోయారు. ఆందోళనే ఒంటికి పట్టింది. ఈ మాట మీటింగులో అందరి ముందు చెప్పకూడదు, డాక్టరు చెప్పాలి.

ఒప్పందం

టవర్ ఉండాలా పోవాలా అన్న ఒక్క ప్రశ్న మీద కూర్చుంటే అది కోర్టుకే వెళ్తుంది. చిన్న షరతులుగా విడగొడితే కదులుతుంది. ఈ కేసులో పనికొచ్చేవి: యాంటెన్నాలను తిప్పి బిగించడం. మూడు సెక్టార్లు 120 డిగ్రీలకొకటి ఉంటాయి, మధ్య సందులో ఒక్కోదాని బలం సుమారు పదో వంతుకి పడుతుంది. భవనం ఆ సందులోకి వచ్చేలా తిప్పితే రెండు వైపులా కలిపి ఐదో వంతు. మొదటి లెక్కలోనే పరిమితిలో పది శాతం ఉన్నప్పుడు ఆరోగ్యం కోసం ఇది అవసరమా అంటే లేదనే చెబుతాం, పైగా ఆ ఫ్లాట్లలో ఫోన్లు కాస్త బలం పెంచుకుంటాయి. అయినా చేయమంటాం: కాలనీ అడిగింది జరిగిందన్నది ఆ స్తంభం మీద రోజూ కనబడుతుంది. ఈ బేరంలో ఏది దేనికోసమో దాచకుండా చెబితే చాలు.

జనరేటర్ కిందికి దించాలి లేదా బ్యాటరీలతో నడపాలి. స్ట్రక్చరల్ సర్టిఫికెట్, రేడియేషన్ స్వీయ ధ్రువపత్రం నకళ్ళు గేటు దగ్గర అతికించాలి. కొత్త యాంటెన్నా, కొత్త ప్యానెల్ ఏది చేర్చినా పదిహేను రోజుల ముందు నోటీసు, చేర్చాక మళ్ళీ కొలత. టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో టవర్ వివరాలు చూడొచ్చు, రుసుము కట్టి కొలత కోరొచ్చు. కొలిచే మనిషి కంపెనీవాడు కాకపోవడమే ఆ రుసుముకి విలువ.

కూర్చున్నప్పుడే సెల్లార్‌లో విద్యుత్ స్కూటర్ల చార్జింగ్ సంగతి కూడా తేల్చుకోవడం మంచిది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో లేచిన మంటల పొగ పైనున్న లాడ్జికి ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. అలాంటి వార్త వచ్చిన నెలలో అందరి కన్నూ సెల్లార్ మీదే ఉంటుంది, ఏడాది తిరిగేసరికి ఎక్స్‌టెన్షన్ బాక్సులు మెట్ల కిందే మళ్ళీ వేలాడతాయి. చార్జింగ్ పాయింటుకి విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), మెట్లకీ లిఫ్టు దారికీ దూరంగా చోటు. టవర్ ఒప్పందం రాసుకున్న పుస్తకంలోనే ఇదీ రాసి, తనిఖీ తేదీ రెండింటికీ ఒకటే పెట్టుకుంటే గుర్తుంటుంది. వానాకాలం ముందు, మే నెలలో: డాబా మీద దూలం కింద వెలుతురు, బోల్టుల చుట్టూ చెమ్మ, పిడుగు పట్టీ, కొత్తగా వచ్చిన ప్యానెళ్ళ సంఖ్య, సెల్లార్‌లో ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్.